గుప్పెడు మేమూ తీస్తాం

సైలుంగ్ క్యాంపు
2021 నవంబరు 8

తమ్ముడు బియాక్‌కి,

ప్రభువు పేరిట వందనాలు. మరదలు రింపుయికీ పిల్లలకీ కూడా చెప్పు. మంచి మాటలు ముందే రాసేస్తాను, తర్వాత రాసే ఓపిక నాకుండదు.

మీ సహాయ కమిటీ పంపిన టార్పాలిన్లు అందాయి. బియ్యం, పప్పు, ఉప్పు అందాయి. మన పార్‌త్లాంగ్ నుంచి సరిహద్దు నది దాటి ఈ దేశం వచ్చిన నలభై మూడు ఇళ్ళవాళ్ళం ఒకే వరసలో పాకలు వేసుకున్నాం. నాది చివరి పాక. అక్కడ సైన్యం తగలబెట్టిన మా ఇంట్లో వంటగదంత ఉంటుంది ఇది. అయినా ఆకలి లేదు. ఈ మాట రెండుసార్లు చదువుకో.

ఇక అసలు సంగతి. మొన్న శనివారం గంప పట్టీ నుదుటికి తగిలించుకుని, ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని గుప్పెడు బియ్యానికి బయలుదేరాను. మన ఊళ్ళో ముప్పై ఏళ్ళు చేసిన పనే. నువ్వు ఐజాల్ వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది కాబట్టి మర్చిపోయావేమోనని చెప్తున్నాను: పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది. అది దేవుడిది. శనివారం మేం ఇంటింటికీ వెళ్ళి పోగుచేసి చర్చికి ఇస్తాం. ఇక్కడ వేరే డబ్బాలు లేవు కాబట్టి ఖాళీ పాలపొడి డబ్బాల్లో తీశారు. నలభై మూడు ఇళ్ళలో ఒక్క ఇల్లు కూడా తప్పలేదు. సగం గంప నిండింది. ఇక్కడి ఊరి చర్చికి మోసుకెళ్ళాం.

అక్కడ క్యాంపు చూసే రోకిమా మాస్టారు గంప ముట్టుకోనివ్వలేదు. రిటైరైన హెడ్మాస్టరు కదా, ఊరందరి ముందూ పాఠం చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా, మీరు పుచ్చుకునేవాళ్ళు. పుచ్చుకునేవాళ్ళు ఇవ్వకూడదు. ఆఫీసు నుంచి కాగితం వచ్చింది." ఆ కాగితం మా నీళ్ళ ట్యాంకుకి అంటించాడు కూడా, పిల్లలు చదువుకుంటున్నారు. క్యాంపువాళ్ళు ఏ చర్చికీ ఏమీ ఇవ్వరాదట.

అదే గంప అదే దారిన వెనక్కి మోసుకొచ్చాను. ఊరివాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కాగితం రాసినవాడికి అమ్మంటూ ఒకావిడ ఉందా అని అడగాలనిపించింది. నువ్వు అదే కమిటీలో కార్యదర్శివి కదా. ఆ పెద్దమనిషి ఎవరో కనుక్కుని నా తరఫున నాలుగు అంటించు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను గొంతు పెంచితే నువ్వు పెట్టేస్తావు. అందుకని సుమో డ్రైవర్ చేతికి ఇస్తున్నాను.

నీ అక్క
సుయ్ పార్


ఐజాల్
నవంబరు 15

అక్కా,

నీకు నా వందనాలు. రింపుయి నీకోసం ఊలు శాలువా అల్లుతోంది, క్రిస్మస్‌కి అందుతుంది.

ఆ కాగితం రాసింది నేనే. మన ఇద్దరికీ అమ్మ ఒక్కతే, ఆ సంగతి నాకు గుర్తుంది.

కోపం తగ్గాక ఇది చదువు. వాన్ సెర్ అనే బాలింత మీ క్యాంపులో పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయిందని మాస్టారు రిపోర్టు పంపారు. ఆమె పక్కన నిండా బియ్యం ఉన్న పాలడబ్బా ఉందట. దేవుడికని తీసిపెట్టి, తను తినకుండా పడిపోయింది. అది చదివి ఏడ్చాను. అదే రోజు ఆ కాగితం రాశాను. నా అక్క నోటి దగ్గర కూడు తీసి చర్చికి ఇస్తుంటే ఎలా చూస్తూ కూర్చోను? దేవుడు మీ దగ్గర ఏమీ అడగడు అక్కా. మీరు పడ్డది చాలు. ఇప్పుడు మీరు తీసుకోవాలి, మేము ఇవ్వాలి. అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. కమిటీలో కొందరికి అనుమానం. సహాయంగా పంపిన బియ్యం మళ్ళీ చర్చి గోతాల్లోకి చేరితే, పంపినవాళ్ళు ఏమంటారు? మా తలనొప్పులు నీకు తెలియవు.

నీ పేరు రాసి ఒక బస్తా ప్రత్యేకంగా పంపుతున్నాను. మంచి బియ్యం. ఇది రేషన్ కాదు, తమ్ముడు పంపినది. కడుపునిండా తిను.

ప్రేమతో
బియాక్


సైలుంగ్
నవంబరు 24

ఒరేయ్ బియాక్,

వందనాలు తర్వాత.

వాన్ సెర్‌కి చలిజ్వరం. మూడు రోజులుగా ఒళ్ళు కాలిపోతుంటే పొయ్యి దగ్గరికి వెళ్ళి పడిపోయింది. నీ మాస్టారు ఆమెను ఒక్క మాట అడిగితే చెప్పేది. ఆయన ఆమెను అడగలేదు, డబ్బాని చూసి రిపోర్టు రాశాడు. నువ్వు ఆ రిపోర్టు చూసి ఏడ్చి కాగితం రాశావు. మీ ఇద్దరి మధ్య ఆ పిల్లకి మాత్రం మందు దొరకలేదు. ఊళ్ళో ఒక ముసలాయన మాత్రలు ఇస్తే తగ్గింది.

నీ బస్తా విప్పాను. ఇంటికి రెండు గ్లాసుల చొప్పున నలభై మూడు ఇళ్ళకి పంచేశాను. నాకు వేరే బస్తా ఎందుకురా? వరసలో చివరి పాకలో ఉన్నదానికి అందరికంటే ముందు బస్తా దింపితే, పక్కవాళ్ళ మొహం నేనెలా చూడాలి? పెద్ద ఆఫీసరు తమ్ముడున్నాడని అందరికీ తెలియాలా?

దేవుడు మా దగ్గర ఏమీ అడగడని రాశావు. ఆయన నీతో చెప్పాడా?

మేం పదకొండు రోజులు అడవిలో నడిచాం. నీకు చెప్పలేదు, చెప్పడానికి ఏముంది. ఉన్న బియ్యం తడిసిపోయింది. వాగు పక్కన రాళ్ళ మధ్య ఒకే కుండ పెట్టి అందరికీ వండేవాళ్ళం. మొదటి రోజు నేనేమీ అనలేదు. అందరం చావు బతుకుల్లో ఉన్నాం, ఇప్పుడు గుప్పెడు గురించి ఎవరు అడుగుతారు అనుకున్నాను. మన వీధి చివర ముసలి ఖువాంగ్ సుయ్ ఉంది చూడు, నీ చెవి మెలిపెట్టేది, ఆమే. కుండ పక్కన కూర్చుని గుప్పెడు తీసి టేకాకులో పెట్టింది. "ఇల్లు కాలింది గానీ చెయ్యి కాలలేదుగా" అంది. ఆ రోజు నుంచి రోజూ తీశాం. నది దాటి ఇటు వచ్చాక మొట్టమొదట కనిపించిన చర్చిలో ఆ ఆకు పొట్లాలే ఇచ్చాం. అక్కడి పాస్టరు తీసుకుని ప్రార్థన చేశాడు. ఆయన ఆమెన్ అన్నాకే నేను మూట దించి కూర్చున్నాను.

సైన్యం మా ఇళ్ళు తీసుకుంది. పందుల్ని తీసుకుంది. ఈ ఒక్కటీ తీసుకోలేకపోయింది. దాన్ని నువ్వొచ్చి తీసుకున్నావు. కాగితం మీద సంతకం పెట్టి మరీ.

ఇంకా నువ్వు చదువుకున్నది దేని మీదరా? నాలుగేళ్ళు బైబిల్ స్కూలు ఫీజు మన ఊరి చర్చి కట్టింది. ఎక్కణ్ణుంచి కట్టింది? నేను మోసిన గంపలోంచి. ఆ ఇళ్ళవాళ్ళు అప్పుడేం ధనవంతులా? సగం మంది మొక్కజొన్న గటక తినేవాళ్ళు. బియ్యం వండుకున్న రోజే గుప్పెడు తీసేవాళ్ళు.

ఆ కాగితం అంటించాక మూడు ఆదివారాలయింది. మా ఆడవాళ్ళు చర్చికి పోవడం లేదు. వట్టి చేతులతో వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుని, దయగల చూపులు భరించాలట. ఎవరు భరిస్తారు?

అందుకని అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. డిసెంబరు నుంచి నీ రేషన్ మేం దించుకోం. ఊళ్ళో అల్లం తవ్వుతున్నారు. కూలికి బియ్యం ఇస్తారు. కష్టపడి తెచ్చుకున్న ఆ బియ్యంలోంచి గుప్పెడు తీస్తాం. అప్పుడు ఏ కాగితం అడ్డొస్తుందో చూస్తాను. ట్యాంకు మీద కాగితం ఊడేదాకా ఇంతే.

సుయ్ పార్


ఐజాల్
డిసెంబరు 3

అక్కా,

నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా?

రేషన్ లారీ వెనక్కి వచ్చేసింది. అది నీ కోపమని నాకు తెలుసు, కమిటీకి తెలియదు. ఎవరో వెనకుండి రెచ్చగొడుతున్నారంటున్నారు. ఇంకో క్యాంపులో ఇలాగే మొదలై గొడవలయ్యాయంటున్నారు. చైర్మన్‌గారు నన్ను పక్కకి పిలిచి "ఆవిడ మీ సొంత అక్కేనా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన ఫైలు మూసి లోపలికి వెళ్ళిపోయారు. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

మేం రెండు వందల పాకల్లో ఉన్నవాళ్ళకి అన్నం పెడుతున్నాం. ఒక వరస వాళ్ళు వద్దంటే మిగతావాళ్ళు భయపడతారు. నీ పౌరుషానికి పిల్లలు పస్తులుండాలా? వాన్ సెర్ చంటిపిల్లకి ఏం పెడతావు?

ఇంకో మాట. దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. నీ మంచం కింద బియ్యం డబ్బాలు ఉన్నాయని మాస్టారు రాశారు. రేషన్ వద్దని, లోపల దాచి, ఊళ్ళో అమ్ముతున్నావని కొందరు అనుకుంటున్నారట. నేను నమ్మను. నువ్వు అలాంటిదానివి కాదు. కానీ నాకోసం ఒక్క ముక్క రాసి పంపు, ఆ బియ్యం దేనికో. కమిటీకి చూపిస్తాను, నోళ్ళు మూతపడతాయి.

బియాక్


సైలుంగ్
డిసెంబరు 9

సహాయ కమిటీ కార్యదర్శి గారికి,

తమరు అడిగిన సంజాయిషీ.

నా మంచం కింద అయిదు పెద్ద నూనె డబ్బాల బియ్యం ఉన్న మాట నిజం. అది నలభై మూడు ఇళ్ళ గుప్పెడు. అందులో డిసెంబరులో తీసినది ఊరి చర్చికి తీసుకెళ్ళాను. ఇది రేషన్ కాదు, అల్లం తవ్వి తెచ్చుకున్నది, చేతులు చూడండి అని చేతులు చూపించాను. అక్కడి పాస్టరుగారు మంచివాడే, పాపం ఇబ్బందిపడ్డాడు. క్యాంపు బియ్యం క్యాంపు బియ్యమే అన్నాడు. అంటే మీ కాగితం బియ్యానికి అడ్డం కాదు. మాకు అడ్డం. అది ఆ రోజు అర్థమైంది.

ఒకసారి దేవుడికని తీసినది మేం తినం. మీరు తీసుకోరు. పురుగు పట్టకుండా నేను రోజూ తీసి ఎండలో పోసి, చెరిగి, మళ్ళీ మంచం కిందికి తోస్తున్నాను. మీ మాస్టారు చూసింది అదే. అమ్ముకుంటున్నానని అనుమానం ఉంటే వచ్చి డబ్బాలు చూసుకోండి.

చంటిపిల్ల గురించి అడిగారు. వాన్ సెర్‌కి అందరికంటే ముందు పెడతాం. మిగతావాళ్ళం ఒకపూట అన్నం, ఒకపూట గటక. అల్లం పని ఇంకో తొమ్మిది రోజులు ఉంది. ఆ తర్వాత ఏం చేస్తామో మాకు తెలియదు. తెలిసినా తమరికి రాయం.

'నేను నమ్మను' అని రాసి, నమ్మనివాళ్ళ కోసం కాగితం అడిగారు. మీరు చిన్నప్పుడు అబద్ధం చెప్పి నాచేత దెబ్బలు తిన్నారు. నేను అబద్ధం చెప్పగా మీరెప్పుడూ చూడలేదు.

సుయ్ పార్
పార్‌త్లాంగ్ వరస, చివరి పాక


ఐజాల్
డిసెంబరు 20

అక్కా,

నీ దగ్గర్నుంచి ఇల్లు చేరి మూడు రోజులైంది. ఇంకా నీ గటక రుచి నోట్లోనే ఉంది.

వచ్చిన పూట నువ్వు నాతో మాట్లాడకుండా అన్నం పెట్టావు చూడు, అది నాకు బాగా తగిలింది. నువ్వు తిట్టి ఉంటే సర్దిచెప్పేవాణ్ణి. బస్సులోనే నాలుగు మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. తర్వాత నువ్వు వాన్ సెర్ పాకకి వెళ్ళమన్నావు. వెళ్ళాను. ఆమె ఎసరు పెడుతోంది. నేనెవరో తెలియదు కదా, కూర్చోమంది. బియ్యం కొలిచి గుప్పెడు తీసి, నన్ను చూసి, ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. నా మెళ్ళో కమిటీ కార్డు అప్పుడే కనిపించి ఉంటుంది. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు నిలబడింది అక్కా. తన సొంత బియ్యం, తన సొంత చెయ్యి. ఆమెను ఆ స్థితికి తెచ్చింది నేను. అక్కణ్ణుంచి నేరుగా నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళాను.

ట్యాంకు మీద కాగితం చింపింది నేనేనని నీకు తెలుసు, నువ్వు చూస్తూనే ఉన్నావు. ఇక్కడికొచ్చి కమిటీలో చెప్పాను. గొడవైంది. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. చైర్మన్‌గారు చివరికి ఒప్పుకున్నారు. ఆ ఆదేశం రద్దు. లారీ ఎల్లుండి బయలుదేరుతుంది, దయచేసి దించుకోండి.

ఇప్పుడు సంతోషం కలిగించే మాట. నిన్న ఆదివారం మా పాస్టరుగారు బైబిల్లో బీద విధవరాలు తనకున్న రెండు కాసులూ దేవుడికిచ్చిన కథ మీద ప్రసంగం చేసి, నీ గురించి చెప్పారు. పేరు చెప్పలేదు. నదికి అవతల నుంచి వచ్చిన ఒక బీద విధవరాలు, మంచం కింద అయిదు డబ్బాలు అన్నారు. చర్చి అంతా ఏడ్చింది. రింపుయి అయితే వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కమిటీ ఇంకో మంచి నిర్ణయం చేసింది. మీ అయిదు డబ్బాల బియ్యాన్ని క్యాంపు పిల్లలకే క్రిస్మస్ విందులో వండిస్తారు. పంది మాంసం మా ఖర్చు. మీ గుప్పెడు వృథా కాలేదు.

ఇప్పుడైనా కోపం పోయిందా?

నీ బియాక్


సైలుంగ్
డిసెంబరు 29

తమ్ముడూ,

ప్రభువు పేరిట వందనాలు. శాలువా అందింది, రింపుయికి చెప్పు, వెచ్చగా ఉంది.

లారీ దించుకున్నాం. విందు బాగా జరిగింది. పిల్లలు నడవలేనంతగా తిన్నారు. ఖువాంగ్ సుయ్ రెండోసారి మాంసం అడిగింది. నువ్వు ట్యాంకు మీద కాగితం చింపడం మా వరసలో పిల్లలు ఇప్పటికీ ఆడి చూపిస్తున్నారు. నువ్వు వచ్చినందుకు నాకు గుండె నిండింది. ఇది నిజం.

కోపం పోలేదు. రెండు కొత్తవి వచ్చాయి.

మొదటిది. మా గుప్పెడు మాకే వడ్డించారు. అది ఇవ్వడమెలా అయింది? నువ్వు నాకు ఒక కానుక ఇచ్చి, నేను అదే వెనక్కి నీ ఒళ్ళో పెట్టి, ఎంత మంచివాడివో అని బుగ్గ గిల్లితే నీకెలా ఉంటుంది? పసిపిల్లలు ఆటలో మట్టి అన్నం పెడితే పెద్దవాళ్ళు తిన్నట్టు నటిస్తారు చూడు, అలా చేశారు మాతో. మీ ఐజాల్ చర్చిల గుప్పెడు ఎక్కడికి వెళ్తుంది? చర్చి ఆసుపత్రి వంటగదికి వెళ్తుందని నువ్వే చెప్పావు. మాది అక్కడికి వెళ్ళడానికి ఏం తక్కువ? రోగులకి మా బియ్యం అరగదా?

రెండోది మీ ప్రసంగం. నన్ను తలుచుకుని చర్చి అంతా ఏడ్చిందట. ఎందుకురా ఏడవడం? నేను చచ్చానా? నేను ముప్పై ఏళ్ళు ఒక ఊరి గంప మోసిన మనిషిని. మా ఆయన ఉన్నప్పుడూ మోశాను, పోయాకా మోశాను. బీద విధవరాలు అని నాకు ఇప్పుడు కొత్త పేరు పెట్టారు. బైబిల్లోని ఆ విధవరాలికి కూడా పేరు లేదు, గమనించావా? అక్కడున్న అంతమందిలో ఒక్కరు కూడా ఆమె దగ్గరికి వెళ్ళి నీ పేరేమిటమ్మా అని అడిగినట్టు రాసి లేదు. మీకు అలాంటివాళ్ళే కావాలి. పేరు లేకుండా, కన్నీళ్ళు తెప్పించి, వెళ్ళిపోయేవాళ్ళు.

పైగా అది నా ఒక్కదాని బియ్యం కాదు. నలభై మూడు ఇళ్ళది. మీ ప్రసంగంలో వాళ్ళెక్కడికి పోయారు?

నాకు కావలసింది ఒక్కటే. మూడు నెలలకోసారి మీ పెద్ద చర్చిలో ఏ ఊరి చర్చి ఎంత గుప్పెడు బియ్యం ఇచ్చిందో చదువుతారు కదా. అందులో మా వరస పేరు చదవండి. అక్షరాల వరసలో ఎక్కడ రావాలో అక్కడ. ముందు కాదు, చివర కాదు. 'శరణార్థులు' వద్దు, 'కష్టాల్లో కూడా' వద్దు. పార్‌త్లాంగ్ అనండి. తర్వాత ఊరి పేరుకి వెళ్ళండి. ఆ బియ్యం మిగతా బియ్యంతో కలిపి పంపండి.

ఇది కూడా చేతకాకపోతే, నేను మళ్ళీ మంచం కిందే ఎండబెట్టుకుంటాను. ఈసారి నీకు చెప్పను కూడా.

ఆ అయిదు డబ్బాల తర్వాత ఇప్పటిదాకా తీసిన గుప్పెళ్ళు, మూడు డబ్బాలు, ఈ ఉత్తరంతోపాటు సుమోలో వస్తున్నాయి. డ్రైవర్‌కి చాయ్ తాగించు.

అక్క
సుయ్ పార్


ఐజాల్
2022 ఫిబ్రవరి 7

అక్కా,

వందనాలు. నెల దాటినా ఉత్తరం రాయలేదు. కావాలనే ఆగాను, చేసి రాద్దామని.

నువ్వు పంపిన బియ్యం చర్చి గోడౌన్‌లో నా చేత్తోనే పోశాను. కిందా పైనా మిగతా ఊళ్ళ బియ్యం. పోశాక ఏది మీదో నాకే తెలియలేదు. ఆ గోతాలు మొన్న గురువారం ఆసుపత్రికి వెళ్ళాయి.

జాబితా చదవాల్సింది నేనే. శనివారం చైర్మన్‌గారు జాబితా చూసి, పార్‌త్లాంగ్ పక్కన ఒక చిన్న వాక్యం కలపమన్నారు. జనానికి తెలియాలి కదా, స్ఫూర్తిగా ఉంటుంది అన్నారు. మీ సొంత ఊరి పేరు పక్కన మీ కష్టాలు ఏమైనా రాశామా సార్ అని అడిగాను. ఆయనకి కోపం వచ్చింది. నాకూ వచ్చింది. వాక్యం కలిపితే జాబితా నేను చదవనని చెప్పాను. కార్యదర్శి పదవి వేరేవాళ్ళకి ఇచ్చుకోమని కూడా అన్నాను. ఆయన ఇంత చిన్నదానికా అన్నారు. చిన్నదే అయితే వదిలెయ్యండి అన్నాను. వదిలేశారు. ఆయన నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు.

నిన్న చదివాను. అరవై ఏడు పేర్లు. అందరూ ఎప్పటిలాగే విన్నారు. అంటే వినలేదు. ముసలాళ్ళు కునికిపాట్లు పడుతున్నారు, పిల్లలు బల్లల కింద తన్నుకుంటున్నారు, రింపుయి పాటల పుస్తకంలో తర్వాతి పాట వెతుకుతోంది. పార్‌త్లాంగ్, మూడు డబ్బాలు అని చదివాను. ఒక్కరు కూడా తల తిప్పలేదు.

ముందు వరసలో మాత్రం ఒకాయన ఉన్నాడు. డిసెంబరులో ఆ ప్రసంగానికి అందరికంటే ఎక్కువ ఏడ్చిన మనిషి. ఆ రోజే నన్నడిగి మన ఊరి పేరు తెలుసుకున్నాడు, అది గుర్తొచ్చినట్టుంది. కళ్ళు తుడుచుకుని, చప్పట్లు కొట్టడానికి చేతులు పైకెత్తాడు. నేను మెట్టు దిగి వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాను. కొంచెం గట్టిగానే పట్టుకున్నట్టున్నాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకునేదాకా వదల్లేదు. తర్వాత పైకి వెళ్ళి తర్వాతి ఊరి పేరు చదివాను.

నీ తమ్ముడు
బియాక్